పెరటి వంటశాలలో పొగ నిలిచిపోతోంది: గొట్టం ఎంత ఉండాలి?

కాకినాడలో మా ఇంటి తూర్పు గోడకు ఆనించి, పెరట్లో 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పుతో రేకుల వసారా దించి వంటశాల చేసుకున్నాం. గోడ దగ్గర కప్పు ఎత్తు 9 అడుగులు, బయటి అంచున 7. మిగతా మూడు వైపులూ తెరిచే ఉన్నాయి. కట్టెల పొయ్యి గోడ వారగా ఉంది.

ఉదయం వంటకు ఏ ఇబ్బందీ లేదు. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలైందంటే పొగ రేకు కిందుగా దొర్లుతూ గోడకు కొట్టుకుని, కిటికీలోంచి ఇంట్లోకి వచ్చేస్తుంది. అమ్మకు ఆయాసం ఉంది, అందుకే ఇంత ఆందోళన.

పొయ్యి మీద 4 అంగుళాల రేకు గొట్టం పెట్టించి, కప్పు పైకి 2 అడుగులు లేపాం. పైన టోపీ కూడా ఉంది. గాలి లేనప్పుడు బాగానే లాగుతుంది, గాలి వీస్తే పొగ వెనక్కి తన్నుతుంది. బాగా ఎండిన సరుగుడు కట్టెలే వాడుతున్నాం. తూర్పున తడిక కడితే పొగ లోపలే సుళ్లు తిరిగింది, పైగా ఉక్క. విప్పేశాం.

గొట్టం చివర ఇంటి పిట్టగోడ కంటే దాదాపు 3 అడుగులు కిందే ఉంది. గాలి గోడకు కొట్టి కిందికి తిరగడమే కారణమని నా అనుమానం. తాపీ మేస్త్రీ మాత్రం గొట్టం సన్నమని అంటున్నారు.

ఇలా ఎత్తైన గోడ పక్కన కట్టెల పొయ్యి పెట్టుకున్నవారు చెప్పండి: ఎన్ని అంగుళాల గొట్టం, పిట్టగోడకు ఎంత పైకి లేపితే ఎదురుగాలిలో కూడా పొగ లాగింది?