తెలుగు బ్లాగు సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ విడుదల: పాత టపాలకు హాని జరగకుండా చూడడం ఎలా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ)

అందరికీ నమస్కారం. మేము ముగ్గురు మిత్రులం. ఉద్యోగాలు చేసుకుంటూనే, తెలుగులో రాసుకునేవారి కోసం ఒక చిన్న బ్లాగు సాఫ్ట్‌వేర్‌ను కొన్నేళ్లుగా నిర్వహిస్తున్నాం. మూలకోడ్ అంతా జీపీఎల్ (ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకునే స్వేచ్ఛనిచ్చే) లైసెన్సు కింద బహిరంగంగా ఉంది. పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష, మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ మీద నడుస్తుంది కాబట్టి తక్కువ ధరకు దొరికే షేర్డ్ హోస్టింగ్‌లో కూడా పెట్టుకోవచ్చు. వాడుతున్నవారిలో ఎక్కువమంది విజయవాడ, గుంటూరు, తెనాలి ప్రాంతాల ఉపాధ్యాయులు, కవులు, పదవీ విరమణ చేసినవారు.

ఇప్పుడు 2.0 వెర్షన్ సిద్ధమైంది. ఇందులో మూడు పెద్ద మార్పులున్నాయి. టపాలు (బ్లాగు పోస్టులు) రాసే ఎడిటర్‌ను పూర్తిగా మార్చాం. డేటాబేస్‌ను యూటీఎఫ్8ఎంబీ4 (అన్ని భాషల అక్షరాలనూ భద్రపరచగల పద్ధతి) లోకి తెస్తున్నాం. టపాల లంకెల (వెబ్ చిరునామాల) రూపం కూడా మారుతుంది. పరీక్షల్లో అంతా బాగానే నడుస్తోంది, అయినా విడుదల చేయడానికి నాకు చెయ్యి రావడం లేదు. దానికి కారణం గత వెర్షన్‌లో జరిగిన నష్టం.

1.4 విడుదల చేసిన రాత్రి, గుంటూరులో ఉంటున్న ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు అప్‌డేట్ బటన్ నొక్కారు. డేటాబేస్‌ను మార్చే మా స్క్రిప్టు సగంలో ఆగిపోయింది. తెల్లవారేసరికి ఆమె టపాలన్నీ అర్థంకాని లాటిన్ అక్షరాలుగా కనిపించాయి. పొరపాటు తనదేనేమో అనుకుని ఆమె కొన్ని టపాలు తెరిచి, ఆ గజిబిజిని చెరిపి, గుర్తున్నంతవరకు మళ్లీ టైపు చేసి భద్రపరిచారు. అవి వరుసగా ప్రశ్నార్థకాలుగా మారాయి. హోస్టింగ్‌వారి దగ్గరున్న బ్యాకప్‌తో చాలావరకు రాబట్టగలిగాం కానీ పదిహేడు టపాలు తిరిగి రాలేదు. ఆమె మమ్మల్ని ఒక్క మాట అనలేదు. పోయినవాటిలో తన తండ్రిగారి గురించి రాసుకున్నది ఒకటి ఉందని మాత్రం చెప్పారు.

జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం ఉంటుంది, ఆ రోజుల్లో చాలామంది కొత్తగా రాయడం మొదలుపెడతారు, కాబట్టి డిసెంబరు 31నే విడుదల చేద్దామని ఒక మిత్రుడు అంటున్నారు. మూడు మార్పులనూ ఒకేసారి ఇవ్వడం మంచిదా, విడదీయడం మంచిదా? అసలు ఏ పరీక్షలు పూర్తయ్యాక విడుదల చేయవచ్చని నమ్మకంగా అనుకోవచ్చు? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం 1 (అరండల్‌పేట, గుంటూరు)

ఆ పదిహేడు టపాల సంగతి చదివాక వెంటనే రాయాలనిపించింది. నేను గుంటూరులో చిన్న సంస్థల వెబ్‌సైట్లు చూసుకుంటాను. మీరు చెప్పిన ప్రమాదాన్నే వేరే సాఫ్ట్‌వేర్‌లో రెండుసార్లు దగ్గరగా చూశాను.

పాత హోస్టింగ్‌లలో టేబుళ్లు లాటిన్1 (పశ్చిమ ఐరోపా అక్షరాలకే చోటున్న పద్ధతి) అని నమోదై ఉండేవి, డేటాబేస్‌తో కనెక్షన్ కూడా లాటిన్1గానే ఉండేది. రెండూ ఒకటే కావడంవల్ల మన తెలుగు బైట్లు (అక్షరాలను కంప్యూటర్ దాచుకునే అంకెలు) లోపలికి వెళ్లినవి వెళ్లినట్టే తిరిగి వచ్చేవి, లోపం ఎవరికీ కనిపించేది కాదు. మీ స్క్రిప్టు కనెక్షన్‌ను యూటీఎఫ్8ఎంబీ4కు మార్చి, టేబుళ్లను మార్చే లోపల సమయం చాలక ఆగిపోయి ఉండాలి. అప్పుడు పాత టపాలు గజిబిజిగా కనిపిస్తాయి కానీ బైట్లు క్షేమంగానే ఉంటాయి, వాటిని బాగుచేయవచ్చు. అదే స్థితిలో కొత్తగా తెలుగు టైపు చేసి భద్రపరిస్తే మాత్రం లాటిన్1 కాలమ్‌లో తెలుగుకు చోటే లేదు కాబట్టి, స్ట్రిక్ట్ మోడ్ (ఇమడని డేటాను తిరస్కరించే అమరిక) లేని సర్వర్ ప్రతి అక్షరం స్థానంలో ఒక ప్రశ్నార్థకాన్ని రాసేస్తుంది. అలా పోయినదాన్ని తిరిగి తెచ్చే మార్గం లేదు. అందుచేత మార్పిడి జరుగుతున్నంతసేపూ బ్లాగును చదవడానికి మాత్రమే తెరిచి ఉంచి, రాయడాన్ని పూర్తిగా ఆపివేయడం మీరు చేయవలసిన మొదటి పని. అది ఉండి ఉంటే ఆ టపాలు మిగిలేవి.

ఇక మార్పిడి గురించి. లాటిన్1 టేబుల్‌ను నేరుగా యూటీఎఫ్8ఎంబీ4కు మార్చమని ఆదేశిస్తే మైఎస్‌క్యూఎల్ ప్రతి బైటునూ ఒక లాటిన్ అక్షరంగా భావించి మళ్లీ ఎన్‌కోడ్ చేస్తుంది (కొత్త బైట్లుగా రాస్తుంది), దాంతో పాఠ్యం పాడవుతుంది. ముందు ఆ కాలమ్‌ను బ్లాబ్ (వట్టి బైట్లుగానే దాచే) రకానికి మార్చి, ఆ తర్వాత యూటీఎఫ్8ఎంబీ4 టెక్స్ట్‌గా మార్చితే బైట్లకు ఏమీ కాదు. అయితే అన్ని బ్లాగులకూ ఇదే మందు వేయకూడదు, ఎందుకంటే కొన్ని టేబుళ్లు ఇప్పటికే సరైన స్థితిలో ఉండవచ్చు, కొన్ని గతంలో రెండుసార్లు ఎన్‌కోడ్ అయి ఉండవచ్చు. దీన్ని స్క్రిప్టే గుర్తుపట్టగలదు. తెలుగు అక్షరాలు యూటీఎఫ్-8లో మూడేసి బైట్లు, మొదటి రెండూ హెక్సాడెసిమల్ అంకెల్లో ఎప్పుడూ ఈ0 బీ0 లేదా ఈ0 బీ1 అవుతాయి. అవే రెండుసార్లు ఎన్‌కోడ్ అయితే సీ3 ఏ0 సీ2 బీ0 వంటి వరుస కనిపిస్తుంది. ప్రతి టేబుల్‌లో ముందు ఇది చూసి, ఏ స్థితో తేల్చుకోలేని టేబుల్‌ను ముట్టుకోకుండా వదిలి, యజమానికి తెలియజేయండి. వర్డ్‌ప్రెస్ అనే ప్రసిద్ధ బ్లాగు సాఫ్ట్‌వేర్ 2015 ఏప్రిల్‌లో 4.2 వెర్షన్‌తో ఇదే మార్పు చేసినప్పుడు, అన్ని కాలమ్‌లూ అప్పటికే యూటీఎఫ్8లో ఉన్న టేబుళ్లనే మార్చి మిగిలినవాటిని అలాగే ఉంచింది. మీరు కూడా అంత జాగ్రత్తగా ఉండడం మంచిది.

ఇండెక్సుల (త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే సూచికల) విషయంలోనూ వారి అనుభవం పనికొస్తుంది. 255 అక్షరాల ఇండెక్సు పాత యూటీఎఫ్8లో అక్షరానికి 3 బైట్ల లెక్కన 765 బైట్లై, మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇన్నోడీబీ భాగపు పాత పరిమితి 767లో ఇమిడేది, యూటీఎఫ్8ఎంబీ4లో 4 బైట్ల లెక్కన 1,020 అవుతుంది కాబట్టి ఇమడదు. వారు దాన్ని 191 అక్షరాలకు కుదించారు. మీవాళ్లలో పాత సర్వర్ల మీద ఉన్నవారు తప్పక ఉంటారు, కాబట్టి మీరూ కుదించండి.

లంకెల మార్పు వినడానికి చిన్నదే కానీ తెలుగుకు అది చాలా ముఖ్యం. తెలుగు శీర్షికను లంకెగా మార్చినప్పుడు ఒక్కో యూనికోడ్ గుర్తు తొమ్మిది అక్షరాలుగా సాగుతుంది. ‘విజయవాడ’లో గుణింతాలతో కలిపి ఏడు గుర్తులున్నాయి, లంకెలో అది 63 అక్షరాలు. వర్డ్‌ప్రెస్‌లో లంకెను దాచే కాలమ్ పొడవు 200 కాబట్టి ఇరవై రెండు గుర్తుల దగ్గరే శీర్షిక తెగిపోతుంది. మీ పాత వెర్షన్‌లో కూడా ఇలాంటి పరిమితి ఉంటే పాత లంకెలన్నీ తెగిన రూపంలోనే ప్రచారంలో ఉంటాయి. వాటిని కొత్త పద్ధతిలో మళ్లీ లెక్కగట్టకుండా, ఉన్నవి ఉన్నట్టు ఒక ప్రత్యేక టేబుల్‌లో దాచి, అక్కడి నుంచి 301 దారిమళ్లింపు (చిరునామా శాశ్వతంగా మారిందని చెప్పి కొత్తదానికి పంపేది) ఇవ్వండి.

మూడింటినీ ఒకే విడుదలలో ఇవ్వవద్దని నా గట్టి అభిప్రాయం. ఏదైనా చెడితే ఏ మార్పు వల్ల చెడిందో తేల్చుకోవడానికే రోజులు పడతాయి. ముందు డేటాబేస్ మార్పు ఒక్కటే 1.5గా ఇవ్వండి. అప్‌డేట్ చేసే భాగాన్ని మాత్రం ఆ విడుదలలో ముట్టుకోకండి. 2018 ఫిబ్రవరిలో వర్డ్‌ప్రెస్ 4.9.3లోని ఒక లోపం ఆటోమేటిక్ అప్‌డేట్ వ్యవస్థనే పనిచేయకుండా చేసింది. మరుసటి రోజే 4.9.4 ఇచ్చారు, కానీ దాన్ని అందుకోవడానికి చాలామంది స్వయంగా బటన్ నొక్కవలసి వచ్చింది.

సమాధానం 2 (తెనాలి)

పై సమాధానంతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. నేను స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లను తెలుగులోకి అనువదించే పనిలో ఉన్నాను కాబట్టి ఆ వైపు నుంచి రెండు మాటలు చెబుతాను.

ఎడిటర్ మారితే బటన్ల మీది మాటలు, సహాయ వాక్యాలు, హెచ్చరికలు అన్నీ మారతాయి. విడుదలకు ముందురోజు దాకా ఆ వాక్యాలను దిద్దుతూ పోతే అనువాదకులు ఎంత శ్రమించినా తెరమీద సగం ఇంగ్లీషు, సగం తెలుగు కనిపిస్తుంది. వర్డ్‌ప్రెస్‌లో మొదటి రిలీజ్ క్యాండిడేట్ (విడుదలకు దాదాపు సిద్ధమైన ప్రతి) వచ్చాక వాక్యాలను స్తంభింపజేస్తారు, ఆపైన మార్చరు. మీరూ కనీసం మూడు వారాల ముందు వాక్యాలను ఖరారు చేసి, అప్పటికి తయారైన ఫైలును మాకు ఇవ్వండి. ముఖ్యంగా అప్‌డేట్ తెరమీది హెచ్చరికలను ముందుగా అనువదింపజేయండి. ‘ఇది పూర్తయ్యేవరకు ఏ టపానూ మార్చవద్దు’ అన్న వాక్యం ఆ గుంటూరు ఉపాధ్యాయురాలికి ఆ రాత్రి తెలుగులో కనిపించి ఉండవలసింది.

వాక్య నిర్మాణం గురించి కూడా చెప్పాలి. ‘ఫలానావారికి స్పందన’ అని చూపడానికి పేరు పక్కన నేరుగా విభక్తి అతికించే ఏర్పాటు చేస్తే తెలుగులో తప్పు వస్తుంది. ‘లక్ష్మికి’ అంటాం, ‘రామయ్యకు’ అంటాం. పేరు చివరి అచ్చును బట్టి ప్రత్యయం మారుతుందని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. పేరు తర్వాత ‘గారికి’ అని ఉంచితే ఈ చిక్కు తీరుతుంది, మర్యాదా నిలుస్తుంది. ఒక వాక్యంలో రెండు చోట్ల విలువలు నింపవలసి ఉంటే వాటికి సంఖ్యలు ఇవ్వండి. మన క్రియ చివరికి వస్తుంది కాబట్టి వరుస మార్చుకునే వీలు అనువాదకుడికి ఉండాలి.

డేటాబేస్‌ను ఎలాగూ తెరుస్తున్నారు గనుక మరొక సూచన. ‘ఐ’ గుణింతాన్ని యూనికోడ్‌లో ఒకే గుర్తుగానూ రాయవచ్చు, ఎత్వానికి కింద ఐత్వపు గుర్తు చేర్చి రెండు గుర్తులుగానూ రాయవచ్చు. చూపులో రెండూ ఒకటే. యూనికోడ్ కాని అను ఫాంట్లలో కూర్చినదాన్ని కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి తెచ్చి అతికించేవారు మన ప్రాంతంలో చాలామంది ఉన్నారు, అలాంటి పాఠ్యంలో ఏ రూపం ఉందో చెప్పలేం. ‘వైద్యం’ అని వెతికితే సగం టపాలే దొరకడానికి ఇది ఒక కారణం కావచ్చు. భద్రపరిచేటప్పుడే ఎన్ఎఫ్‌సీ (యూనికోడ్ నిర్ణయించిన ఏకరీతి) రూపానికి మార్చితే ఈ తేడా పోతుంది. పాత టపాలలో మాత్రం దీన్ని మూలపాఠంలో దిద్దకండి, వెతుకులాట కోసం చేసుకునే ప్రతిలో మాత్రమే చేయండి.

సమాధానం 3 (మొగల్రాజపురం, విజయవాడ)

నేను ప్రోగ్రామర్‌ను కాను. ఏలూరు రోడ్డులో ఒక ప్రచురణ సంస్థకు చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దాను. ఇప్పుడు మీ సాఫ్ట్‌వేర్ మీదే నా బ్లాగు నడుస్తోంది.

పుస్తక మహోత్సవానికి ముందు విడుదల చేయవద్దని కోరుతున్నాను. ఆ పది పదకొండు రోజులూ నేను సాయంత్రం పుస్తకాలు చూసి వచ్చి రాత్రి కూర్చుని రాస్తాను. ఆ వెంటనే సంక్రాంతికి ఊళ్లకు వెళ్తాం. ఆ రోజుల్లో ఏదైనా ఆగిపోతే చూసేవారు ఉండరు, మీలో ముగ్గురూ కూడా ఊళ్లోనే ఉంటారని అనుకోను. సంక్రాంతి దాటాక, ఒక మంగళవారమో బుధవారమో ఉదయం విడుదల చేస్తే, వారాంతానికి ముందే లోపాలు బయటపడతాయి.

ఎడిటర్ విషయంలో మా వయసువారి మాట కూడా వినండి. వర్డ్‌ప్రెస్ 2018 డిసెంబరు 6న 5.0 వెర్షన్‌తో బ్లాకుల ఎడిటర్‌ను (ప్రతి పేరా ఒక విడి బ్లాకుగా ఉండేదాన్ని) తెచ్చినప్పుడు నేను అక్కడే రాసేవాడిని, ఒక పేరాను మరొక పేరాతో కలపడానికి నాకు చాలా సమయం పట్టింది. పాత ఎడిటర్‌ను ప్లగిన్‌గా ఇచ్చి, 2021 చివరిదాకా దాన్ని కొనసాగిస్తామని ముందే చెప్పారు కాబట్టి ధైర్యంగా నిలిచాను. ఆ గడువు తర్వాత కూడా అది కొనసాగింది. మీరు కూడా పాత ఎడిటర్‌ను ఎంతకాలం ఉంచుతారో తేదీతో సహా ప్రకటించండి.

ప్రతి పుస్తకంలోనూ అచ్చుతప్పులు మిగులుతాయి, అందుకే తప్పొప్పుల పట్టిక వేస్తాం. మీ విడుదల ప్రకటనలో కూడా తెలిసిన లోపాలను మొదటి పేజీలోనే తెలుగులో రాయండి. ఏ టపాలకు ప్రమాదం ఉందో, బ్యాకప్ ఎలా తీసుకోవాలో చదివి అర్థం చేసుకున్నాకే నేను ఆ బటన్ నొక్కుతాను.

ప్రశ్న అడిగినవారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిన్న రాత్రి మేము ముగ్గురం కూర్చుని మాట్లాడుకున్నాం. డిసెంబరు 31 ఆలోచన మానుకున్నాం. డేటాబేస్ మార్పు ఒక్కటే 1.5గా, సంక్రాంతి తర్వాత, ముందు బీటాగా (పరీక్ష ప్రతిగా) ఇస్తాం. స్క్రిప్టును యాభై టపాల చొప్పున పనిచేసేలా, మధ్యలో ఆగితే అక్కడి నుంచే కొనసాగేలా మారుస్తున్నాం. అన్ని టేబుళ్లూ పూర్తయ్యాకే కనెక్షన్ సెట్టింగ్ మారుతుంది, అంతవరకు రాయడం ఆగి ఉంటుంది. పాత టేబుళ్లను వేరే పేరుతో అలాగే ఉంచుతాం. ఎడిటర్, లంకెలు తర్వాతి విడుదలలకు వాయిదా వేశాం.

ఒక ఇబ్బంది మిగిలింది. మా పరీక్షలన్నీ మేము తయారుచేసుకున్న నమూనా టపాల మీద జరిగాయి. నిజమైన పాత డేటాబేస్‌లు లేకుండా ఈ స్క్రిప్టును నమ్మలేం, కానీ వాటిలో వ్యాఖ్యలు రాసినవారి ఈమెయిళ్లు, ఐపీ చిరునామాలు ఉంటాయి. ఆ ప్రతులను ఎలా అడగాలి?

సమాధానం 1 రాసినవారి స్పందన

యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. ప్రతి మీకు చేరకముందే, యజమాని కంప్యూటర్‌లోనే ఆ ఈమెయిళ్లను, చిరునామాలను, పాస్‌వర్డ్ కాలమ్‌ను ఖాళీచేసే చిన్న స్క్రిప్టు రాసి ఇవ్వండి. టపాల బైట్లను మాత్రం అది అస్సలు తాకకూడదు, మనకు కావలసిన సమస్య వాటిలోనే ఉంది. నా దగ్గర లాటిన్1 మీద నడుస్తున్న పాత బ్లాగులు నాలుగున్నాయి, యజమానులను నేనే అడుగుతాను. ఆ గుంటూరు ఉపాధ్యాయురాలిని కూడా అడిగి చూడండి. ఆమె ఒప్పుకుంటే, పాడైన స్థితిలో ఉన్న ఆమె డేటాబేస్ ప్రతి మీ దగ్గర ఇంకా ఉంటే, కొత్త స్క్రిప్టును అన్నిటికంటే ముందు దాని మీదే నడపండి.

ప్రశ్న అడిగినవారి స్పందన

ఆ ప్రతి ఉంది, చెరపలేదు. ఈ ఉదయం ఆమెకు ఫోన్ చేశాను. ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం లాప్‌టాప్ తీసుకుని గుంటూరు వస్తున్నాం. ఆమె ఇంట్లోనే, ఆమె ఎదురుగానే నడుపుతాం. మీకు వీలైతే మీరూ రండి.