సేవనూ పరిశోధననూ గంటల్లో లెక్కగట్టే ప్రీ-మెడ్ చదువులో నిజమైన ఎదుగుదల ఉందా?

ఎడిసన్_నాన్న:

మా అమ్మాయి న్యూజెర్సీలో బయాలజీ ప్రధానాంశంగా డిగ్రీ రెండో సంవత్సరం చదువుతూ వైద్య కళాశాల ప్రవేశానికి సిద్ధమవుతోంది. వారంలో మూడు మధ్యాహ్నాలు ఒక ప్రొఫెసర్ గారి ల్యాబ్‌లో పనిచేస్తుంది. శనివారాలు ఒక హాస్పిస్‌లో, అంటే ఇక నయం కాదని తేలిన రోగులను చివరి రోజుల్లో కనిపెట్టుకుని ఉండే సంస్థలో, వాలంటీరుగా ఉంటుంది. ఈ సెమిస్టరులో ఆర్గానిక్ కెమిస్ట్రీలో బి గ్రేడు వచ్చింది. హాస్పిస్ మానేసి ఆ సమయం చదువుకు కేటాయించమని నేనంటే, కావాలంటే ల్యాబ్ మానేస్తాను కానీ హాస్పిస్ మానను అంటోంది. అమెరికా వైద్య కళాశాలల్లో చాలావాటికి ఉమ్మడిగా పెట్టే ఏఎమ్‌క్యాస్ దరఖాస్తులో పదిహేను కార్యకలాపాల వరకు, ఎన్ని గంటలు చేశారో సహా రాసుకోవచ్చు కనుక, పిల్లలందరూ ఆ గడులు నింపడానికే పరుగులు తీస్తున్నారని నా అనుమానం. అలా లెక్క కోసం చేసిన పనివల్ల మనిషి ఎదుగుతాడా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పండి.

గుంటూరు_బైపీసీ:

మీ అనుమానం సరైనదే. మన దగ్గర నీట్‌ను ఎంత తిట్టుకున్నా, 720 మార్కులకు ఎన్ని వచ్చాయన్నదే ప్రశ్న. అభ్యర్థి దయగలవాడినని ఎవరి ముందూ నిరూపించుకోనక్కరలేదు. అమెరికాలో పద్దెనిమిదేళ్ల పిల్లలు ముందు దరఖాస్తులో ఏం రాయాలో చూసుకుని, ఆ తరువాత దానికి తగిన జీవితాన్ని వెతుక్కుంటున్నారు. ఇక్కడ ఎంబీబీఎస్‌లో కూడా ఇప్పుడు ప్రతి విద్యార్థీ గ్రామంలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని వారి ఆరోగ్యం చూడాలన్న నిబంధన వచ్చింది. ఉద్దేశం మంచిదే. కానీ బస్సులో వెళ్లి, బీపీ చూసి, లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించుకుని తిరిగి బస్సెక్కేవారిని నేను చూశాను. సేవను తప్పనిసరి చేశాక మిగిలేది హాజరుపట్టీ మాత్రమే.

ఒహాయో_ఇంటర్నిస్ట్:

బైపీసీ గారితో నేను ఏకీభవించలేను. ఇక్కడి ఒక వైద్య కళాశాల తరఫున కొన్నేళ్లుగా ప్రవేశ ఇంటర్వ్యూలు చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

దరఖాస్తులో ఒక్కో పని గురించి రాయడానికి ఇచ్చేది 700 అక్షరాల చోటు. తమకు అత్యంత ముఖ్యమైనవిగా విద్యార్థి ఎంచుకున్న మూడింటికి మాత్రం అదనంగా మరో 1325 అక్షరాలు రాసుకోవచ్చు. అంత ఇరుకు చోటులో ఎవరైనా అందంగా అబద్ధమాడగలరు, ఆ సంగతి మాకు తెలియనిది కాదు. అందుకే నేను ఇంటర్వ్యూలో ఆ పని ఎందుకు ఎంచుకున్నారని అడగను, దానికి జవాబు అందరూ ఇంటి దగ్గరే కంఠస్థం చేసి వస్తారు. ఆ పనిలో విసుగు పుట్టించిన భాగం ఏదని అడుగుతాను. ఏడాదిపాటు నిలకడగా వెళ్లినవారు తడుముకోకుండా చెబుతారు: మతిమరుపు ఉన్న పెద్దాయన ప్రతి పది నిమిషాలకూ అదే ప్రశ్న వేయడం, నర్సుకు వాలంటీరు పేరు గుర్తుండకపోవడం, గంటలకొద్దీ చేయడానికి పనేమీ లేకపోవడం. రెండు వారాలు వెళ్లి ఫోటోలు దిగి వచ్చినవారు మాత్రం అంతా అద్భుతంగా ఉందంటారు.

హాస్పిస్ విషయంలో తండ్రిగారికి తెలియవలసిన సంగతి మరొకటి ఉంది. జీతం తీసుకునే సిబ్బంది రోగుల సంరక్షణకు వెచ్చించే గంటల్లో కనీసం 5 శాతానికి సమానమైన గంటలు వాలంటీర్ల నుంచి రావాలని మెడికేర్, అంటే ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా, నిబంధన పెట్టింది. అంటే మీ అమ్మాయి శనివారాలు ఆ సంస్థ నడవడానికి అవసరమైనవే. ఆమె రోగి మంచం పక్కన కూర్చుని, ఎండిపోయిన పెదవులను తడి స్పాంజితో అద్దుతూ ఉంటే, రాత్రంతా మేలుకున్న భార్యకో కొడుక్కో మందుల దుకాణానికి వెళ్లిరావడానికి, కాసేపు కునుకు తీయడానికి వీలవుతుంది. ఆమె అక్కడికి దరఖాస్తు కోసమే మొదట వెళ్లి ఉండవచ్చు, అయినా ఆ భార్య పొందిన విశ్రాంతి ఏమీ తగ్గిపోదు. పైగా ల్యాబ్ వదులుకుని అయినా హాస్పిస్ నిలుపుకుంటాననే అమ్మాయి గడులు నింపుతోందని ఎలా అనుకుంటున్నారో నాకు అర్థం కావడం లేదు.

గ్రేడ్ల గురించి మీ ఆందోళనను తేలిక చేయను. బయాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, గణితం మార్కులతో ఏఎమ్‌క్యాస్ విడిగా ఒక జీపీఏ, అంటే గ్రేడ్ల సగటు, లెక్కగడుతుంది, దాన్ని అందరూ చూస్తారు. 1910లో వైద్య కళాశాలల తీరును పరిశీలించిన ఫ్లెక్స్‌నర్ నివేదిక వచ్చేదాకా అమెరికాలో హైస్కూలు పూర్తి చేయనివారిని కూడా చేర్చుకున్న వైద్య కళాశాలలు చాలా ఉండేవి. ఆర్గానిక్ కెమిస్ట్రీతో మన పిల్లలు పడుతున్న పాట్లలో ఆ నివేదిక తెచ్చిన సంస్కరణల పాలు కొంత ఉంది. కానీ ఒక్క బి గ్రేడుతో తలుపులు మూసుకుపోవు, ఆ తరువాతి సెమిస్టర్లలో గ్రాఫు ఎటు వెళ్లిందన్నది చూస్తాం. పదిహేను గడులూ నింపాలన్న నియమం కూడా ఎక్కడా లేదు.

నాలుగో_సంవత్సరం:

అందరూ సేవ గురించే మాట్లాడుతున్నారు, పరిశోధన గురించి ఒక మాట చెప్పాలనిపించింది. నేను చేరిన ల్యాబ్‌లో మొదటి పని, ఎలుక పిల్లల తోక చివర నుంచి తీసిన కణజాలంలోని డీఎన్ఏకు పీసీఆర్ పద్ధతిలో ఎన్నో నకళ్లు తీసి, ఏ పిల్లకు ఏ జన్యురూపం ఉందో తేల్చడం. ఒక దశలో, డీఎన్ఏ వేయకుండా కేవలం నీటితో నడిపే కంట్రోల్ గడిలో కూడా, డీఎన్ఏ ఉంటేనే రావలసిన గీత జెల్ మీద కనిపించసాగింది. అంటే ఎక్కడో కలుషితమైంది, కాబట్టి మిగతా గడుల్లోని గీతలనూ నమ్మడానికి వీల్లేదు. నీరు మార్చాం, ప్రైమర్లు మార్చాం, పిపెట్లు శుభ్రం చేశాం. చివరికి అందరూ వాడే ఒక రసాయనం సీసాయే కారణమని తేలింది. ఆ కొన్ని వారాల పనికి నా దరఖాస్తులో ఒక్క వాక్యం కూడా దక్కదు. అయితే ఇప్పుడు ఏ పరిశోధన వ్యాసం చదివినా నా కన్ను ముందు కంట్రోల్స్ మీదికే వెళ్తుంది. తప్పుడు ఫలితాన్ని నమ్మి మందు రాసే వైద్యుడి కన్నా, ఈ ఫలితం ఎలా వచ్చిందని అడిగే వైద్యుడే రోగికి మేలు కదా? చెల్లిని ల్యాబ్ మానేయమని మాత్రం చెప్పకండి అంకుల్, గంటలు తగ్గించుకోమనండి.

డల్లాస్_అమ్మ:

మీ మాటలన్నీ బాగున్నాయి కానీ, జీతం లేకుండా ల్యాబ్‌లో నిలబడగలిగేది ఎవరి పిల్లలండీ? మా అబ్బాయి వారాంతాల్లో పెట్రోలు బంకులో కౌంటర్ దగ్గర పనిచేస్తేనే వాడి పుస్తకాలూ కారు ఇన్సూరెన్సూ వెళ్లేవి. అమ్మానాన్న ఇద్దరూ డాక్టర్లయిన వాడి స్నేహితుడికి షాడోయింగ్, అంటే డాక్టరు వెంట ఉండి పని గమనించే అవకాశం, ఇంట్లోనే దొరికింది, మావాడు క్లినిక్ తరువాత క్లినిక్‌కు ఈమెయిళ్లు పంపి, చాలా వాటి నుంచి జవాబే రాక, నిరుత్సాహపడ్డాడు. గంటల లెక్కలో ఈ తేడా ఎక్కడ కనిపిస్తుంది?

ఒహాయో_ఇంటర్నిస్ట్:

అమ్మా, మీరన్నది ఈ వ్యవస్థలోని అసలైన లోపం, దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఒక్కటి మాత్రం చెప్పగలను. వైద్యంతో సంబంధం లేని జీతం ఉద్యోగానికి కూడా ఆ పదిహేనింటిలో విడిగా ఒక విభాగం ఉంది. మన తెలుగువాళ్లు నామోషీగా భావించి దాన్ని వదిలేస్తారు. రాత్రి పదకొండు గంటలకు తాగివచ్చి గొడవపెట్టుకున్న మనిషిని కౌంటర్ వెనక నుంచి ఓపికగా సముదాయించి పంపినవాడికి, అత్యవసర విభాగంలో ఎదురయ్యే సగం పరిస్థితులు కొత్త కావు. మీ అబ్బాయిని ఆ విషయం దాచకుండా రాయమనండి.

గుంటూరు_బైపీసీ:

డాక్టరుగారూ, ఇంటర్వ్యూలో మీలాంటివారు ఎదురైతే నిజమే, మేలు జరుగుతుంది. అందరూ మీలా అడుగుతారన్న హామీ ఎవరిస్తారు? నా అభ్యంతరం అలాగే ఉంది.

ఎడిసన్_నాన్న:

అందరికీ కృతజ్ఞతలు. అమ్మాయితో మాట్లాడాను. ల్యాబ్‌ను ఈ ఒక్క సెమిస్టరుకు వారానికి ఒక మధ్యాహ్నానికి తగ్గించమని ప్రొఫెసర్ గారిని అడుగుతానంది, హాస్పిస్ జోలికి నేను వెళ్లను. అయితే ఇవన్నీ మోస్తూ వైద్య కళాశాల ప్రవేశ పరీక్ష ఎమ్‌క్యాట్‌కు ఎప్పుడు చదువుతుంది? డిగ్రీ తరువాత ఒక ఏడాది ఆగడం, అదే గ్యాప్ ఇయర్, తీసుకోక తప్పదా?

ఒహాయో_ఇంటర్నిస్ట్:

డిగ్రీ అయిన వెంటనే చేరాలంటే మూడో సంవత్సరం ముగిసే వేసవి మొదట్లోనే దరఖాస్తు పెట్టాలి, కాబట్టి ఎమ్‌క్యాట్ ఆ వసంతకాలం లోపే రాసేయాలి. పరీక్షా కేంద్రంలోనే దాదాపు ఏడున్నర గంటలు గడుస్తాయి. ఫలితానికి సుమారు ఒక నెల పడుతుంది. ఇప్పుడు వైద్య కళాశాలల్లో చేరేవారిలో సగానికి పైగా డిగ్రీ తరువాత కనీసం ఒక సంవత్సరం ఆగి వస్తున్నవారే, అందులో చిన్నతనమేమీ లేదు.

డల్లాస్_అమ్మ:

ఆగవచ్చండీ. ఆ ఏడాది అద్దె ఎవరు కట్టాలన్న దగ్గరే మా ఇంట్లో మాట ఆగిపోతోంది. గ్యాప్ ఇయర్‌లో జీతమిచ్చే ల్యాబ్ ఉద్యోగాల గురించి ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి.