నోరు విప్పని పాత్ర తిరుగుబాటును స్టేజీ మీద ఎలా చూపించాలి?

మానసిక చికిత్స వార్డులో జరిగే 40 నిమిషాల నాటకం రాస్తున్నాను. 3 వారాలుగా చివరి సీన్ దగ్గరే ఆగిపోయాను. హెడ్ నర్సు పెట్టిన నియమం మార్చాలా వద్దా అని రోగులు ఓటు వేస్తారు. అంతవరకు ఒక్క మాటా మాట్లాడని మనిషి ఆఖరి చెయ్యి ఎత్తాలి.

దీనికి ప్రేరణ కెన్ కేసీ 1962 నవల ‘వన్ ఫ్లూ ఓవర్ ది కుకూస్ నెస్ట్’. అందులో కథ చెప్పేది మూగవాడిలా నటించే రోగి చీఫ్ బ్రామ్డెనే కాబట్టి అతని మనసు మనకు వినిపిస్తుంది. ఓటు సీన్‌లో తన చెయ్యి లేవడానికి, వార్డులో తిరుగుబాటు రేపిన తోటి రోగి మెక్‌మర్ఫీ ఏదో చేశాడని మొదట అనుకుంటాడు, వెంటనే కాదు, నేనే ఎత్తానని ఒప్పుకుంటాడు. తిరుగుబాటంతా ఆ ఒక్క దిద్దుబాటులోనే ఉందని నా నమ్మకం. నాటకంలో ఆ వీలు లేదు.

ముందు స్వగతం పెట్టి చూశాను, ఆ మౌనానికున్న బరువు పోయింది. తర్వాత చెయ్యి మోకాలి మీద నుంచి, వేళ్లు వణుకుతూ, మెల్లగా లేచేలా రాశాను. విన్న నలుగురిలో ముగ్గురు, పక్కవాడు కళ్లతో సైగ చేస్తేనే ఎత్తాడనుకున్నారు. సైగ తీసేస్తే ఎందుకెత్తాడో అర్థం కాలేదన్నారు.

ఆ నిర్ణయం అతని సొంతమేనని ప్రేక్షకులకు తెలియాలంటే, చెయ్యెత్తే ముందు మాటల్లేకుండా అతనిచేత ఏం చేయించాలి?