జానపద పాటల షూటింగుకు కూడా ఫిర్యాదు కమిటీ అవసరమా?

దేవరకొండ డాన్సర్: యూట్యూబ్ జానపద పాటల్లో గ్రూప్ డాన్స్ చేస్తాను. మొన్న సాగర్ దగ్గర షూటింగ్ అయ్యాక ఇంటికి దింపుతానని నిర్మాత కారెక్కించుకున్నాడు. "నాతో మంచిగుంటే వచ్చే పాటల నువ్వే హీరోయిన్" అంటూ చెయ్యి పట్టుకున్నాడు. ఇంట్లో చెప్తే పని మాన్పిస్తారు. ఎవరికి చెప్పాలి?

పాలమూరు కెమెరామన్: జరిగింది తప్పే చెల్లీ. కానీ మా యూనిట్లల్ల ఉండేది ఆరేడుగురమే, పని రెండు రోజులు. దానికి కూడా కమిటీ, కేసు అంటే ఆడపిల్లల్ని పిలవడమే మానేస్తారు. తప్పుడు ఫిర్యాదుతో ఎవరి పేరన్నా పోతే? నలుగురు పెద్దమనుషుల్లో మాట్లాడుకుంటే అయిపోతుంది.

నల్లగొండ అక్క: తమ్ముడూ, ఆ పెద్దమనుషులే రేపు ఆ నిర్మాతతో ఇంకో పాట తీస్తారు. ఈ పిల్ల తరఫున ఎవరు గట్టిగా మాట్లాడతారు? పనిచోట ఆడవాళ్ల మీద లైంగిక వేధింపులను ఆపేందుకు తెచ్చిన 2013 చట్టం పదిమంది లోపు పనిచేసే చోట్లను వదిలెయ్యలేదు. వాటి కోసమే ప్రతి జిల్లాలో స్థానిక కమిటీ ఉండాలంది. యజమాని మీదే ఫిర్యాదైనా అక్కడికే పోవాలి. పనికోసం వాళ్లు ఎక్కించుకున్న బండి కూడా పనిచోటు కిందికే వస్తుంది, కాబట్టి కార్లో జరిగిందని వదులుకోనక్కర్లేదు. తప్పుడు ఫిర్యాదు భయానికి కూడా అందులోనే జవాబుంది. కావాలని అబద్ధం చెప్పినట్టు విచారణలో తేలితేనే చర్య. రుజువు చూపలేకపోయినంత మాత్రాన ఆమెది తప్పు కాదు.

చెల్లీ, మూడు నెలల్లోపు రాసివ్వాలి. తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలలు ఇవ్వొచ్చు. తేదీ, చోటు, అన్న మాటలు ఇప్పుడే రాసిపెట్టుకో, మెసేజ్‌లు తీసెయ్యకు. కలెక్టరేట్‌లో మహిళా శిశు సంక్షేమ శాఖ వాళ్లను అడిగితే ఎక్కడివ్వాలో చెప్తారు. నీ పేరు బయటపెట్టొద్దని చట్టంలోనే ఉంది. రాజీ అనేది నువ్వు అడిగితేనే, అది కూడా డబ్బుతో కాదు.

పాలమూరు కెమెరామన్: కార్ సంగతి నాకు తెల్వదక్కా. అయినా పని పోతే ఈ చట్టం అన్నం పెడుతుందా?

నల్లగొండ అక్క: పెట్టదు. ఆ భయం నిజమే, పెద్ద సినిమాల్లోనూ అదే ఉంది. కేరళలో సినిమాల్లో పనిచేసే ఆడవాళ్ల ఇబ్బందుల మీద వేసిన హేమ కమిటీ 2019లో ఇచ్చిన నివేదిక 2024 ఆగస్టు దాకా బయటికి రాలేదు. మన సినిమా రంగం మీద సర్కారు వేసిన సబ్ కమిటీ నివేదికను బయటపెట్టమని అప్పుడే సమంత కూడా అడిగింది. పేరున్నవాళ్లే అంత అడగాల్సొస్తే, రోజు కూలికి ఆడే పిల్ల ఒక్కతే ఎట్లా నిలబడుతుంది? నీలాంటి కెమెరావాళ్లు "ఆ నిర్మాతకు మేం పని చెయ్యం" అంటే చాలు, సగం బలం వస్తుంది. చేస్తావా?