మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి వచ్చే ఆ ‘దబ్బు’ ఎక్కడిది? మీ దగ్గర రికార్డులుంటే పెట్టండి

మధురవాడ మెట్లకింద:
మా అపార్ట్‌మెంట్ మెట్ల కింద గచ్చు మీద ఒక రాస్ప్‌బెరీ షేక్ (నేల అదురు రికార్డు చేసే చిన్న పెట్టె) పెట్టి ఏడాదైంది. నిలువు కదలిక ఒక్కటే పట్టే రకం. రెండు నెలలుగా, ఆదివారాలు తప్ప, రోజూ ఒంటిగంటన్నర ప్రాంతంలో చిన్న అదురు పడుతోంది. ముందు చేరే పి తరంగం వచ్చిన 2.3 సెకన్లకి, దానికన్నా నెమ్మదిగా నడిచే ఎస్ తరంగం వస్తోంది. సెకను తేడాకి 8 కి.మీ. చొప్పున గుణిస్తే 18 కి.మీ. దూరం. కానీ ఏ దిక్కు? నా ఒక్కడి పెట్టెతో తేలేది కాదు. మన విశాఖలో ఇంకెవరి దగ్గరైనా ఉందా?

భీమిలి గాలి:
ఉందండీ. నాకూ అదే టైముకి పడుతోంది, తేడా 3.1 సెకన్లు. ఇక్కడ సముద్రం హోరు ఎక్కువ. అలల వల్ల అయిదారు సెకన్లకోసారి నేల మెల్లగా ఊగుతుంటుంది, తుపాను రోజుల్లో చెప్పక్కర్లేదు. 4 నుంచి 15 హెర్ట్జ్ మధ్య (సెకనుకి 4 నుంచి 15 సార్లు ఊగే కదలికలే మిగిలేలా) ఫిల్టర్ వేస్తే గానీ మీరు చెప్పే దబ్బు కనపడదు.

గాజువాక గ్రౌండ్‌ఫ్లోర్:
నాదీ రాసుకోండి, 3.3. లారీల గోలలో ఎస్ ఎక్కడ మొదలైందో ఒట్టేసి చెప్పలేను. మొదట మేడ మీద గదిలో పెట్టాను, బుద్ధి తక్కువై. అయిదంతస్తుల బిల్డింగ్ తనంతట తనే సెకనుకి రెండుసార్లు ఊగుతుంటే భూమిని రికార్డు చేస్తున్నాననుకుని నెల రోజులు మురిసిపోయాను.

మధురవాడ మెట్లకింద:
ఇద్దరికీ థాంక్స్. ఒక్కో ఇంటి చుట్టూ దాని దూరమంత వ్యాసార్థంతో మ్యాప్ మీద మూడు వృత్తాలు గీశాను. కలిసిన చోటు చూసి గుండె ఆగినంత పనైంది. ఋషికొండకి ఎదురుగా, సముద్రంలో సుమారు 15 కి.మీ. లోపల! 2014 మే 21 రాత్రి బంగాళాఖాతంలో 6.0 తీవ్రతతో భూకంపం వచ్చినప్పుడు మా బ్లాకు మొత్తం కిందికి దిగింది. ఈ మ్యాప్ మా అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టానో లేదో అందరికీ టెన్షన్ మొదలైంది. తొందరపడ్డానేమో.

జియోఫిజిక్స్ 98 బ్యాచ్:
తొందరపడ్డారు. మీ ముగ్గురి ఇళ్లూ మ్యాప్‌లో పెట్టి స్కేలు ఆనించి చూడండి. గాజువాక, మధురవాడ, భీమిలి ఒకే గీత మీద ఉంటాయి. తీరం వెంబడి, హైవే వెంబడి పెరిగిన ఊరు కదా మనది, పెట్టెలు కూడా అలాగే వరసలో పడ్డాయి. గీతకి ఈ పక్క ఉన్న చోటూ, అద్దంలో ప్రతిబింబంలా ఆ పక్క ఉన్న చోటూ మీ ముగ్గురికీ సరిగ్గా అంతే దూరం. మీరు చూసింది సముద్రం వైపు కలయిక. రెండోది కొత్తవలస పక్క మెట్టలో పడుతుంది. మీ రికార్డుల్లో ఈ రెంటిలో ఏదో చెప్పే సమాచారం అసలు లేదు. మూడు దిక్కుల కదలికా పట్టే సెన్సార్ ఒక్కటున్నా, మొదటి పి కదలిక ఎటు నెట్టిందో చూసి దిక్కు చెప్పొచ్చు.

ఇంకో అనుమానం. ఆదివారం సెలవు తీసుకునే భూకంపం నేనైతే వినలేదు. ఇది రాళ్లు పేల్చే బ్లాస్టింగే. బ్లాస్టింగులో ఎస్ బలహీనంగా ఉండి, వెనకే నేల మీదుగా పాకే తరంగం గట్టిగా వస్తుంది. దాన్నే ఎస్ అనుకుంటే దూరం ఎక్కువ చూపిస్తుంది. అప్పుడు గుణించాల్సింది 8తో కాదు, 6కి దగ్గరగా.

మధురవాడ మెట్లకింద:
6తో కూడా వేశాను గురువు గారూ. గాజువాక, భీమిలి వృత్తాలు కలిసే చోటుకి నా వృత్తం 5 కి.మీ. అవతలికి పోతోంది. 8తో వేస్తే అర కిలోమీటరు తేడాలో మూడూ ఒకేచోటికి వస్తున్నాయి. అంటే మేం చూసింది ఎస్ తరంగమే అనుకోవచ్చా?

జియోఫిజిక్స్ 98 బ్యాచ్:
అనుకోవచ్చు. బాగా చూశారు. మన కింద ఖొండలైటు, చార్నకైటు లాంటి గట్టి రాయి కాబట్టి పి సెకనుకి 6, ఎస్ 3.5 కి.మీ. అనే లెక్క నడుస్తుంది. లోతు మాత్రం అడక్కండి. లోతెంతో అంత దగ్గర్లో ఒక పెట్టె ఉంటే తప్ప అది తేలదు.

గాజువాక గ్రౌండ్‌ఫ్లోర్:
ఎస్ దాకా ఎందుకు, పి ఎవరికి ఎన్ని గంటలకి వచ్చిందో చూస్తే సరిపోదా? నేనలా చేస్తే పాయింటు ఎక్కడో పాడేరు అవతల పడింది.

భీమిలి గాలి:
ఆ రోజు మీకు నెట్ ఉందా? ఈ పెట్టెలకి టైము నెట్ నుంచే వస్తుంది.

గాజువాక గ్రౌండ్‌ఫ్లోర్:
అమ్మో! రెండు రోజులు కేబుల్ తెగింది. ఇప్పుడు చూస్తే గడియారం రెండు సెకన్లు తప్పింది.

భీమిలి గాలి:
రెండు సెకన్లంటే పి లెక్కలో 12 కి.మీ. అదే పి, ఎస్ మధ్య తేడా అయితే మీ గడియారం నిన్నటి టైము చూపించినా మారదు. రెండూ ఒకే గడియారంలోవే కదా.

పాత గని ఓవర్‌మన్:
నేను గోదావరిఖని వాణ్ని, రిటైరై సీతమ్మధారలో ఉంటున్నాను. మా బొగ్గు గని పనిలో ఈ లెక్క కప్పు ఎక్కడ కూలుతోందో తెలుసుకోడానికి. బోర్లు వేసి జియోఫోన్లు (నేల కదలిక పట్టే సెన్సార్లు) సిమెంటుతో బిగిస్తారు. అక్కడ దూరాలు వందల మీటర్లే, అంతా మిల్లీసెకన్లలో అయిపోతుంది, ఎస్ వేరుగా కనపడదు. పి టైములే దిక్కు, అందుకే అన్ని జియోఫోన్లూ ఒకే గడియారానికి కట్టేస్తారు. పైగా గోఫ్ (బొగ్గు తీసేసిన ఖాళీ చోటు) మీదుగా తరంగం తిన్నగా పోదు, చుట్టూ తిరిగి ఆలస్యంగా వస్తుంది. ఆ సంగతి లెక్కలో వేయకపోతే శబ్దం ఒక గ్యాలరీలో, మేం వెతికేది ఇంకో గ్యాలరీలో! తీగల సంగతి కూడా చూసుకోండి బాబూ. బ్లాస్టింగ్ అయితే మొదటి కదలిక అందరికీ పైకే ఉండాలి. ఒక్కరికే కిందికి ఉంటే వైర్లు తారుమారయ్యాయేమో చూడాలి.

కొత్తవలస గట్టు:
ఏటండీ, మా ఊరి పేరు వినబడుతోంది! మా వైపు క్వారీలు ఉన్నాయి, మధ్యాహ్నం సైరన్ మోగుతుంది. పెట్టె నా దగ్గర లేదు. ఎవరైనా ఇస్తే మా ఇంట్లో పెడతాను. గచ్చు గట్టిదే, ఇన్వర్టర్ ఉంది, బోరు మోటారు పొద్దున్న తప్ప వెయ్యం.

మధురవాడ మెట్లకింద:
ఆదివారం నాది పట్టుకొస్తాను అన్నా. మీది గీతకి బాగా పక్కకి ఉంది, అదే కావాలి. లెక్క ముందే వేసి పెడుతున్నాను, తర్వాత మార్చాననొద్దు. సముద్రంలోదైతే మీ ఇంటికి 36 కి.మీ., తేడా నాలుగున్నర సెకన్లు రావాలి. మెట్టలోదైతే సెకను లోపే.

కొత్తవలస గట్టు (పది రోజుల తర్వాత):
సోమవారం నుంచి శనివారం దాకా ఆరు పడ్డాయి. తేడా అన్నిట్లోనూ 0.6 దగ్గరే, మొదటి కదలిక పైకే. శుక్రవారం గేటు దగ్గర నిలబడి వాచీ చూశాను. సైరన్ ఆగిన నాలుగు నిమిషాలకి పడింది, కాళ్లకి కూడా తెలిసింది.

మధురవాడ మెట్లకింద:
0.6 అంటే 5 కి.మీ. సరిపోయింది. గ్రూపులో ఆ సముద్రం మ్యాప్ డిలీట్ చేసి ఇది పెట్టాను. మా రెండో అంతస్తు ఆంటీ మాత్రం ఇంకా నమ్మట్లేదు. పెట్టె ఇంకో నెల మీ దగ్గరే ఉంచండి అన్నా.