ప్రాగ్‌లో ఒకటిన్నర రోజు, నాన్నకు మోకాళ్ల నొప్పులు: ఏం చూపించాలి?

ప్రశ్న:
నమస్తే అండి. మేం జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఉంటాం. ఖమ్మం నుంచి అమ్మానాన్న వచ్చారు. శనివారం పొద్దున ట్రైన్‌లో చెక్ రాజధాని ప్రాగ్ వెళ్లి ఆదివారం సాయంత్రం తిరిగొచ్చేయాలి. నాన్న అరగంట నడిస్తే ఎక్కడో ఒకచోట కూర్చోవాలి, అమ్మ మాంసం ముట్టదు. కోట, చార్లెస్ బ్రిడ్జి, పాత గడియారం, యూదుల పేట అన్నీ చూపించాలని ఉంది, వీళ్లు మళ్లీ ఇంత దూరం ఎప్పుడొస్తారో. అంతా కుదురుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు 1:
కుదురుతుంది కానీ ఏ రోజు ఏది అన్నది ముఖ్యం. శనివారం యూదుల మ్యూజియం, దాంతోపాటు పాత శ్మశానం మూసేస్తారు, అది వాళ్ల విశ్రాంతి రోజు. ఆదివారం పొద్దున కోటలోని సెయింట్ వైటస్ చర్చిలో ప్రార్థనలుంటాయి, చూడ్డానికి వచ్చేవాళ్లను మధ్యాహ్నం నుంచే లోపలికి వదులుతారు. అందుకని శనివారం కోట, ఆదివారం యూదుల పేట పెట్టుకోండి.

కోటకు నది వైపు నుంచి మెట్లెక్కించకండి, నాన్నగారి ఓపిక అక్కడే అయిపోతుంది. 22 నంబరు ట్రామ్‌లో ప్రాజ్‌స్కీ హ్రాద్ స్టాపులో దిగితే పెద్దగా ఎత్తెక్కే పని లేదు. కాగితం టికెట్ అయితే ఎక్కగానే పసుపు రంగు మిషన్‌లో ముద్ర వేయించండి, లేదంటే చేతిలో టికెట్ ఉన్నా ఫైన్ కట్టాల్సి వస్తుంది. ఆ చర్చి 1344లో మొదలుపెడితే 1929కి గానీ పూర్తి కాలేదు. లోపల ఎడమ వైపు చెక్ చిత్రకారుడు ముచా వేసిన రంగుటద్దాల కిటికీ ఉంది, దాని ముందు తొందరపెట్టకండి.

జవాబు 2:
గడియారం 1410 నాటిది. గంట కొట్టేటప్పుడు అస్థిపంజరం తాడు లాగుతుంది, పైన కిటికీల్లో ఏసు శిష్యులైన అపొస్తలుల బొమ్మలు తిరుగుతాయి, చివర్లో కోడి కూస్తుంది, నిమిషం లోపే అంతా అయిపోతుంది. ఆ గడియారం ఉన్న పాత టౌన్ హాల్ టవర్‌కు లిఫ్ట్ ఉంది, నాన్నగారిని తప్పకుండా పైకి తీసుకెళ్లండి. ఊరంతా ఎర్ర పెంకుల కప్పులే కనిపిస్తాయి.

అక్కడ యూరో కాదు, కొరునా. మేం వీధిలో ఒక మార్పిడి కొట్టులో 100 యూరోలు ఇచ్చాం, బోర్డు మీద రాసింది ఒక రేటు, చేతికొచ్చింది వేరే రేటు. 1000 యూరోల లోపైతే మూడు గంటల్లో వెనక్కి వెళ్లి రద్దు చేయించుకునే హక్కు 2019 నుంచి ఉందట, మాకప్పుడు తెలియదు. కార్డు వాడుకోండి, హాయి.

జవాబు 3:
అమ్మగారికి ‘బెజ్ మాసా’ అని చెప్పడం నేర్పండి, మాంసం లేకుండా అని అర్థం. మాసో అంటే మాంసమే, ఆ మాట మన మాటకు ఎంత దగ్గరో విని మా అమ్మ సంబరపడిపోయింది. వేయించిన చీజ్, బంగాళాదుంప అట్లు దొరుకుతాయి. అయినా శనివారానికి పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకోండి.

యూదుల పేటలో అన్నీ తిరగలేరు, పిన్కాస్ సినగాగ్ (యూదుల ప్రార్థనా మందిరం) ఒక్కటి వదలకండి. నాజీలు చంపేసిన దాదాపు 78,000 మంది చెక్ యూదుల పేర్లు గోడల నిండా చేత్తో రాసి ఉంటాయి. దూరం నుంచి గోడకు ఏదో రంగు వేసినట్టుంటుంది, దగ్గరికెళ్తేనే అక్షరాలని తెలుస్తుంది. మా అమ్మ ఒక పేరు పక్కన రెండు తేదీలు చూసి, వేళ్ల మీద లెక్కపెట్టి, “నాలుగేళ్లేరా” అంది. ఆ తర్వాత బయటికొచ్చే దాకా ఏమీ మాట్లాడలేదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థ్యాంక్స్ అండి. మరి బ్రిడ్జి ఎప్పుడు?

జవాబు 1:
ఆదివారం తెల్లవారుజామున, ఆరింటికల్లా. తర్వాత జనంలో నాన్నగారు నిలబడలేరు. మొత్తం 516 మీటర్లు, మధ్యలో ఆగుతూ నడవండి. 1357లో మొదలుపెట్టినప్పుడు సున్నంలో కోడిగుడ్లు కలిపారని అక్కడివాళ్లు చెప్పుకుంటారు, మన పాత కోటల గురించి చెప్పే కథలాగే. అన్నట్టు వెళ్లేటప్పుడు ట్రైన్‌లో ఎడమ వైపు కిటికీ సీట్లు తీసుకోండి, ఎల్బే నది చాలా దూరం పక్కనే వస్తుంది.