ఉద్యోగం వచ్చాకే సంతోషం అనుకునే అభ్యర్థులకు పడుకునే ముందు రాసే సాధన ఎలా ఇవ్వాలి?

నమస్కారం. హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గ్రూప్-2కు చదివేవాళ్ల కోసం పది నిమిషాల సాధన తయారు చేస్తున్నాం. కౌన్సెలింగ్ అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వండి.

పడుకునే ముందు ఆరోజు బాగా జరిగిన మూడు విషయాలు రాయాలి. ఒక్కోటి ఎందుకు జరిగిందో ఒక వాక్యం తోడవ్వాలి. ఫోన్‌లో కాదు, నోటుబుక్కులో. మనస్తత్వ శాస్త్రవేత్త మార్టిన్ సెలిగ్‌మన్ బృందం 2005లో వెలువరించిన అధ్యయనంలో వారం రోజులు రాయించింది ఇదే. ఆరు నెలల తర్వాత కూడా మేలు కనిపించింది, ముఖ్యంగా గడువు అయ్యాక కూడా సొంతంగా కొనసాగించినవాళ్లలో.

చిక్కు ఎక్కడంటే, చాలామంది "రెండు చాప్టర్లు అయ్యాయి, మాక్ టెస్టులో మార్కులు పెరిగాయి" అనే రాస్తారు. అప్పుడు ఇది కూడా మార్కుల పట్టికే అవుతుంది, మనసు మళ్లీ ఫలితాల రోజుకే పరుగెడుతుంది. అందుకే మూడింటిలో రెండు చదువుతో సంబంధం లేనివి, కంటికో నాలుకకో చెవికో ఒంటికో తెలిసినవి ఉండాలని నియమం పెట్టాం: అల్లం చాయ్ మొదటి గుక్క, వాన పడ్డాక మేడ మీద గాలి. కారణం రాయడం మానేస్తే మాత్రం నాలుగు రోజులకే అవే మాటలు తిరిగొస్తాయి.

వారం దాటాక రోజూ రాయించాలా, వారానికి ఒకసారా? మరో మనస్తత్వ శాస్త్రవేత్త సోంజా ల్యుబొమిర్‌స్కీ బృందం కృతజ్ఞతలు రాయించినప్పుడు వారానికి మూడుసార్ల కన్నా ఒక్కసారే బాగా పనిచేసింది.

ఇంటి నుంచి డబ్బు ఆగిపోయి, వయోపరిమితి దగ్గరపడినవాళ్లకు దీన్ని ఎలా చెప్పాలి? వాళ్ల కష్టాన్ని తేలిక చేసినట్టు అనిపించకూడదు. నిద్ర, ఆకలి పోయినవాళ్లకు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఇస్తున్నాం. ఆ స్థితిలో సాధన ఆపించాలా, పక్కన సాగనివ్వాలా?